రమాబాయి ఏసును ఎందుకు నమ్మింది?

మతం మారినోళ్లంటే బియ్యానికో పైసలకో అమ్ముడువోయినోళ్లని వాట్సాప్‌ల తిప్పే తమ్ముళ్లున్నరు. అమ్మానాయిన పోతున్నరు గాబట్టి మేమూ చర్చికి పోతున్నమనే చెల్లెళ్లున్నరు. నేను ఇద్దరికీ పండిత రమాబాయి కథ చెప్త. ఎందుకు నమ్ముతున్ననని తనను తానే నిలదీసుకున్న మనిషి ఆమె.

1858ల పశ్చిమ కనుమల అడవిల, ఇప్పటి కర్ణాటకల, బ్రాహ్మణుల ఇంట్ల పుట్టింది. నాయిన అనంత శాస్త్రి డోంగ్రే. ఆడోళ్లకు సంస్కృతం ఎట్ల నేర్పుతవని పండితులు తప్పువట్టినా ఇనకుంట భార్యకు నేర్పిండు. ఆ తల్లి బిడ్డకు నేర్పింది. గుడి నుంచి గుడికి నడుసుకుంట, పురాణం చదువుకుంట బతికిన్రు. 1870ల కరువు మీద వడ్డది. ఉన్నదంత దానం చేసిన్రు, ఉపాసాలున్నరు, మొక్కిన్రు. అయినా నాయిన, అమ్మ, అక్క వరుసగ సచ్చిపోయిన్రు. మొదటి అనుమానం ఆడనే మొలిచింది.

1878ల అన్నతోని కలకత్తా చేరింది. ఆమె చదువు చూసి ఆడి పండితులు పండిత, సరస్వతి అని బిరుదులిచ్చిన్రు. ఆడోళ్లకు ధర్మం చెప్పాలని శాస్త్రాలు తిరగేస్తే ఆమెకొకటి కనవడ్డది. మిగిలిన సంగతులల్ల ఒకదానికొకటి పొసగని పుస్తకాలు, ఆడది, శూద్రుడు తక్కువోళ్లనే కాడ మాత్రం ఒక్కమాట మీదున్నయి. 1880ల కులం గాని బిపిన్ బిహారీ మేధావిని పెండ్లి చేసుకుంది. 1882ల కలరాతో ఆయన పోయిండు. చేతుల పసిబిడ్డ మనోరమ. ఆమెకు ఇరవై నాలుగేండ్లు కూడ నిండలే.

1883ల చదువు కోసం ఇంగ్లండ్ పోయింది. వాంటేజ్ సిస్టర్లు ఆమెను లండన్ల తమ ఆశ్రమానికి తీస్కపోయిన్రు. లోకం చెడిపోయినోళ్లని తరిమేసిన ఆడోళ్లను ఆడ సిస్టర్లు కడుపుల పెట్టుకొని చూస్తున్నరు. మన శాస్త్రాలల్ల అసుంటోళ్లకు శిక్షనే గని జాలి లేదు గదా, వీళ్లకు ఈ జాలి యాడికెళ్లి వచ్చిందని అడిగింది. బావి కాడ సమరయ స్త్రీతోని ఏసు మాట్లాడిన కథ చెప్పిన్రు. ఆమె ఎతుకుతున్న కారణం అదే. ఆ ఏడు సెప్టెంబర్ 29న బిడ్డతోని బాప్తిస్మం తీసుకుంది.

అయితే తల వంచి కూసోలే. త్రిత్వం సంగతి తన బుద్ధికి ఎక్కనంత కాలం ఒప్పుకోనన్నది. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఎందుకొద్దని గురువమ్మలతోనే కొట్లాడింది. మగపిల్లలకు పాఠం చెప్పొద్దని బిషప్‌లు అడ్డం వస్తే మండిపడ్డది. ఇటు మనదేశంల పెద్దకులాలోళ్లు తిట్టిపోస్తుంటే జోతిబా ఫూలే ఆమె పక్కన నిలవడ్డడు. కొన్నేండ్ల తర్వాత ఆమెనే ఒప్పుకుంది: తనకు అప్పుడు దొరికింది క్రైస్తవ మతం, క్రీస్తు ఇంకా దొరకలేదని. అంటే బాప్తిస్మం తర్వాత గూడ ఎతుకుడు ఆపలే.

1889ల బొంబాయిల విధవల కోసం శారదా సదన్ పెట్టింది. తర్వాత దాన్ని పుణెకు మార్చింది. 1896-97 కరువుల ఊర్లు తిరిగి వందల మంది ఆడపిల్లలను తెచ్చి పుణె దగ్గరి కేడ్‌గావ్‌ల సాదింది. అదే ముక్తి మిషన్. హీబ్రూ, గ్రీకు నేర్చుకొని బైబిల్‌ను మరాఠీలకు మార్చింది. అచ్చుపని సుత ఆడోళ్లే చేసిన్రు. 1921ల బిడ్డ పోయింది. 1922 ఏప్రిల్ 5న తను పోయింది.

ఆమెతోని నాకు పేచీ లేదా? ఉన్నది. 1887ల ఆమె రాసి పేరు తెచ్చుకున్న పుస్తకం పెద్దకులాల ఆడోళ్ల గోస గురించి. మన వాడల ఆడోళ్లు అండ్ల శానా తక్కువ కనవడ్తరు. అయినా ఒక్క సంగతిల ఆమెకు దండం పెట్త. తాతలు చెప్పింది, దొరసానులు చెప్పింది, రెండిటినీ ఒకటే తక్కెట్ల పెట్టి తూచింది.

చర్చికి పొమ్మని గని, గుడి ఇడవమని గని నేను చెప్తలేను. నువ్వు మొక్కే దేవుడు ఊరవతల ఉన్నోళ్లను, మొగడు ఇడిసినోళ్లను, ఆకలిగొన్నోళ్లను ఎట్ల చూడమంటున్నడు? ఇయ్యాల రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఒక్కసారి ఆలోచన జెయ్యుర్రి. జవాబు దొరికితే ఎదుటోని నమ్మకాన్ని ఎక్కిరించే పని ఉండదు.