బొమ్మలకు రంగులు వేసిన బాలుడు
ఆంగ్ల చిత్రకారులలో అగ్రగణ్యుడైన టర్నరు 1775లో లండనునందు ఒక క్షురకుని ఇంట జన్మించెను. చెల్లెలు పసితనముననే మరణించెను. తల్లి మనస్సు కుదురుగా లేకుండెను. పదియేండ్ల ఆ బాలుని బ్రెంట్‌ఫర్డులోని మేనమామ యింటికి పంపిరి.

అచ్చట ఒక గ్రంథమందలి ప్రాచీన కట్టడముల అచ్చుబొమ్మలకు నీటిరంగులు వేయు పని అతనికి దొరకెను. కూలి బొమ్మకు కొద్ది పెన్నీలే. పని మాత్రము సులభము కాదు. రంగు చిక్కనైనచో అచ్చుగీతలు మాసిపోవును. నీరెక్కువైనచో రంగు హద్దు దాటును. ఒకటి ఆరకముందే ప్రక్కన మరొకటి వేసినచో రెండును కలిసిపోవును. ఆకాశమున వెలుగు కావలెనన్న తెల్లరంగు పూయుట కాదు, కాగితమునే విడిచిపెట్టవలెను.

తండ్రి కుమారుని చిత్రములను తన దుకాణపు కిటికీలో నుంచి అమ్మెడివాడు. 1790లో, పదునైదేండ్ల ప్రాయమున, టర్నరు వ్రాసిన లాంబెత్ భవనపు నీటిరంగు చిత్రమును రాయల్ అకాడమీవారు తమ ప్రదర్శనమున నుంచిరి.