మద్రాసు తీరాన్ని వణికించిన ఎమ్డెన్ నౌకాధిపతి కార్ల్ ఫాన్ ముల్లర్

అది 1914 సెప్టెంబర్ 22వ తేదీ రాత్రి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై రెండు నెలలైనా కాలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా అప్పటి రాజధాని అయిన మద్రాసు నగరంలో దీపాలు యథావిధిగా వెలుగుతున్నాయి. తొమ్మిదిన్నర గంటలు దాటిన కొద్దిసేపటికి సముద్రం మీది నుంచి ఒక సెర్చిలైటు కాంతి రేవును తాకింది. మరుక్షణమే ఫిరంగులు మోగాయి. బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు అంటుకుని మంటలు ఆకాశానికి లేచాయి. సుమారు 130 గుండ్లు కురిపించిన ఆ నౌక చీకటిలో కలిసిపోయింది. నౌక పేరు ఎమ్డెన్. దాని అధిపతి 41 ఏళ్ల కార్ల్ ఫాన్ ముల్లర్.

ముల్లర్ 1873 జూన్ 16న జర్మనీలోని హనోవర్ నగరంలో జన్మించారు. తండ్రి సైనికాధికారి. 1891లో నౌకాదళంలో చేరిన ముల్లర్ మితభాషి. యువకుడిగా తూర్పు ఆఫ్రికా తీరంలో పనిచేస్తున్నప్పుడు సోకిన మలేరియా ఆయనను జీవితాంతం వెంటాడింది. ఫిరంగి విభాగంలోనూ, బెర్లిన్‌లోని నౌకాదళ కార్యాలయంలోనూ పనిచేసిన తరువాత, 1913లో చైనా తీరంలోని జర్మన్ స్థావరం సింగ్‌టావ్‌లో ఎమ్డెన్ బాధ్యతలు స్వీకరించారు.

విక్టోరియా మహారాణి పాలన చివరి దశాబ్దాలలో బ్రిటన్ సహా అనేక దేశాలు రక్షిత క్రూయిజర్లనే నౌకలను పెద్ద సంఖ్యలో నిర్మించాయి. వీటి పక్కలకు ఉక్కు కవచం ఉండదు. లోపల, యంత్రాలపై పైకప్పులా వంపు తిరిగిన ఉక్కు డెక్కు మాత్రం ఉంటుంది. పక్కలనున్న బొగ్గు గదులు కొంత రక్షణనిస్తాయి. బరువు తగ్గించి వేగాన్ని, ప్రయాణ దూరాన్ని పెంచడం ఈ నిర్మాణ ఉద్దేశం. 1908లో జలప్రవేశం చేసిన ఎమ్డెన్ ఆ కోవకు చెందిన చివరి తరం నౌకలలో ఒకటి. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది మాత్రమే దాని ప్రధాన బలం.

యుద్ధం రాగానే జర్మన్ తూర్పు ఆసియా నౌకాశ్రేణి పసిఫిక్ మీదుగా తూర్పుకు సాగింది. ముల్లర్ మాత్రం ఒంటరిగా హిందూ మహాసముద్రంలో ప్రవేశించేందుకు అనుమతి కోరి పొందారు. మూడు పొగగొట్టాలున్న ఎమ్డెన్‌కు నాలుగో పొగగొట్టాన్ని కృత్రిమంగా అమర్చి, దూరం నుంచి బ్రిటిష్ యుద్ధనౌకగా కనిపించేలా చేశారు. సెప్టెంబర్ 10 నుంచి కలకత్తా సముద్ర మార్గంలో వర్తక నౌకలను వరుసగా పట్టుకున్నారు. వాటి బొగ్గే ఎమ్డెన్‌కు ఇంధనమైంది. బంగాళాఖాతంలో నౌకా రవాణా స్తంభించింది.

పట్టుబడిన నౌకల సిబ్బందిని ముందుగా సురక్షితంగా దించిన తరువాతే ముల్లర్ ఆ నౌకలను ముంచేవారు. కబింగా అనే నౌక కెప్టెన్ భార్యాబిడ్డలతో ప్రయాణిస్తున్నాడని తెలిసి, దానిని ముంచకుండా, బందీలందరినీ అందులోనే ఎక్కించి పంపివేశారు. ఈ ప్రవర్తనను శత్రుదేశపు పత్రికలు సైతం ప్రశంసించాయి.

అయితే మద్రాసులో పేల్చిన గుండ్లు మనుషులను ఎంచుకోలేదు. రేవులో లంగరు వేసి ఉన్న వర్తక నౌకపై గుండ్లు పడి కనీసం ఐదుగురు నావికులు మరణించారు. మరునాటి నుంచి వేలాది కుటుంబాలు రైళ్లలోనూ, బండ్లలోనూ నగరం విడిచాయి. బ్రిటిష్ నౌకాబలం అజేయమన్న నమ్మకం సామాన్యుల మనసులలో సడలింది. గుండెధైర్యం, గడుసుదనం ఉన్నవారిని ఎమ్డెన్ అని పిలవడం తమిళనాట వాడుకగా మారింది.

అక్టోబర్ 28న పెనాంగ్ రేవులో ఎమ్డెన్ రష్యా రక్షిత క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచింది. అందులో 89 మంది చనిపోయారు. నవంబర్ 9న కోకోస్ దీవులలోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేసేందుకు ముల్లర్ ఒక దళాన్ని ఒడ్డుకు పంపారు. కేంద్రం సిబ్బంది అప్పటికే సాయం కోరుతూ సందేశం పంపారు. ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ వచ్చిపడింది. దాని ఫిరంగులు పెద్దవి, వేగం ఎక్కువ, పక్కలకు కవచం ఉంది. పక్కల కవచం లేని పాత పద్ధతి నౌకకు అక్కడ కాలం చెల్లింది. ఎమ్డెన్ మునిగిపోకుండా ముల్లర్ దానిని పగడపు దిబ్బపైకి ఎక్కించారు. ఆయన సిబ్బందిలో 130 మందికి పైగా అసువులు బాశారు.

బందీగా చిక్కిన ముల్లర్‌ను మాల్టాలో, ఆపై ఇంగ్లండ్‌లో ఉంచారు. 1917లో సహచరులతో కలిసి తప్పించుకుని మళ్లీ పట్టుబడ్డారు. మలేరియా ముదరడంతో 1918లో చికిత్స కోసం నెదర్లాండ్స్‌కు పంపారు. అదే ఏడాది జర్మనీ అత్యున్నత సైనిక పతకం ఆయనను వరించింది. 1919లో పదవీ విరమణ చేసి బ్లాంకెన్‌బర్గ్ పట్టణంలో స్థిరపడ్డారు. బ్రున్స్‌విక్ ప్రాంతీయ చట్టసభకూ ఎన్నికయ్యారు.

ఎమ్డెన్ గాథను గ్రంథంగా రాయమని ఎందరు కోరినా ముల్లర్ అంగీకరించలేదు. సహచరుల రక్తాన్ని సొమ్ము చేసుకోవడమే అవుతుందన్న భావన ఆయనను కలం పట్టనివ్వలేదు. 1923 మార్చి 11న, 49 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చెన్నైలోని హైకోర్టు ప్రాంగణం గోడకు ఆ రాత్రి గుండు తాకిన చోట ఒక శిలాఫలకం నేటికీ ఉంది. కనికరానికి పేరు పొందిన నౌకాధిపతి ఆజ్ఞతో పేలిన గుండు కూడా ప్రాణం తీస్తుందని, రేవులో మరణించిన ఆ నావికుల కథ గుర్తుచేస్తుంది.