వేంకటగిరియు ప్రమాదముల పట్టికయు

తెనాలినుండి రేపల్లెకు చీలిపోవు రైలుమార్గము 1916లో వెలసినది. మదరాసు, దక్షిణ మహారాష్ట్ర రైల్వే కంపెనీ దానిని వేయించెను. బాపట్లమీదుగా మదరాసునకు పోవు ప్రధానమార్గము అంతకుముందే యున్నది. స్లీపరు దుంగలు మోసినవారి పేర్లు, కూడలియందు వ్యాగన్లను కలిపి విడదీసినవారి పేర్లు చరిత్రపుటల కెక్కలేదు. ఆ 1916లోనే వరాహగిరి వేంకటగిరి యను తెలుగు యువకుడు ఐర్లండునుండి స్వదేశమునకు తిరిగివచ్చెను. డబ్లినులో న్యాయశాస్త్రము చదువుచుండగా, అచటి స్వాతంత్ర్యవాదులతో సంబంధమున్నదని పాలకులు శంకించుటచే ఆయన ఆ దేశము విడువవలసివచ్చెను.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్యపంతులుగారు పేరుపొందిన న్యాయవాది. కుమారుడును వకీలే యయ్యెను గాని, ఆయన మనస్సు రైల్వే కార్మికులవైపు మఱలెను. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సంఘమునకు నాయకులై, 1927లో ఖరగపూరు సమ్మెను నడిపిరి. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్య స్థాపకులలో ఆయన యొకరు. 1926లోను, 1942లోను అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

ఆ కాలముననే కార్మిక నష్టపరిహార చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. పనిలో మరణించినవాని కుటుంబమునకు ముప్పది నెలల జీతము గాని, 2,500 రూపాయలు గాని, రెంటిలో ఏది తక్కువయో యది ఈయవలెనని మొదటి నియమము. నెలకు 15 రూపాయలు గడించువాని ప్రాణమునకు 450 రూపాయలన్నమాట. అదియైనను చేరునా? చేరవలెనన్న ఎవరో ఒకరు అడుగవలెను. వ్యాగన్లనడుమ నలిగినవాని భార్యకు చట్టమున్నదనియే తెలియదు. తెలిసినను అర్జీ వ్రాసిపెట్టువాడుండడు. ఈలోపల గడువు దాటిపోవును. తెనాలి ప్రాంతపు బియ్యపుమిల్లులో బెల్టున చేయి చిక్కినవాడు మేస్త్రీ తెచ్చిన కూలివాడై, చిట్టాలో వాని పేరే లేకున్నచో నిక చెప్పవలసినదేమి? పుస్తకమున కెక్కని ప్రమాదము, చట్టము దృష్టిలో జరుగనే లేదు. హాజరుపట్టీలో పేరు లేని బాలుని ఏ ఉపాధ్యాయుడు పరీక్షకు పిలుచును?

విట్లీ అధ్యక్షతన 1929లో నియమితమైన రాయల్ కార్మిక కమిషను ఈ లోపమును గుర్తించి, 1931లో నివేదిక సమర్పించెను. అటుపిమ్మట జరిగిన సవరణలతో చట్టమునకు కన్నులు వచ్చినవి. కార్మికుడు మరణించినాడన్న వార్త ఏ మార్గమున చెవిబడినను, కమిషనరు యజమానికి రిజిస్టరు తపాలలో నోటీసు పంపవచ్చును. యజమాని ముప్పది దినములలో మరణకారణమును, తాను బాధ్యుడగునో కాదో వ్రాసి యీయవలెను. బాధ్యత నొప్పుకొన్నచో సొమ్ము కట్టవలెను. కాదన్నచో కారణము చూపవలెను. మరణములు, తీవ్రమైన గాయములు సంభవించినపుడు, ఇతర చట్టములక్రింద అధికారులకు తెలుపవలసినవాటిని ఏడు దినములలో కమిషనరునకును తెలుపవలెను. ఏటేట లెక్కలు పంపుడని ప్రభుత్వము శాసింపవచ్చును. పంపనివానికి నాడు జరిమానా నూఱు రూపాయలకు మించకుండెను! నోరు మూసికొన్నచో నూఱు, తెఱచినచో నంతకెన్నియో రెట్లు. లాభనష్టము లెఱిగిన వ్యాపారి ఏది ఎన్నుకొనునో ఊహింపవచ్చును.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, గిరిగారు రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలను చేపట్టిరి. గుంటూరు మండలము అప్పుడు మదరాసు రాష్ట్రమున నుండెను. కావున తెనాలి, రేపల్లె, బాపట్ల మిల్లుల యజమానులు లెక్కలు పంపవలసినది ఆ ప్రభుత్వమునకే. 1939లో యుద్ధము కారణముగా మంత్రివర్గము రాజీనామా చేయుటతో ఆ యవకాశము రెండేండ్లకే ముగిసెను.

గిరిగారి సిద్ధాంతమున నొక చిక్కున్నది. యజమానియు కార్మికుడును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొని తగవు తీర్చుకొనవలెను గాని, ప్రభుత్వము బలవంతపు తీర్పులు రుద్దరాదని ఆయన విశ్వాసము. జీతముల తగవులకు అది చక్కని మార్గము. కాని పట్టాలపై మరణించినవాడు బేరమాడుటకు రాలేడు. వాని పక్షమున మాటలాడగలది ఏడు దినములలో చేరవలసిన ఆ కాగిత మొక్కటే. దానిని బలవంతముననే రాబట్టవలెను.

1942 ఆగస్టు 12న తెనాలిలో జరిగిన పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించిరి. వారి స్మారకము రణరంగచౌకున నేటికిని ఉన్నది. క్విట్ ఇండియా దినములలో గిరిగారును చెఱసాల పాలైరి. స్వాతంత్ర్యానంతరము 1952లో కేంద్ర కార్మికమంత్రియైరి. వారి హయాములో, 1948 చట్టముచే ఏర్పడిన కార్మిక రాజ్య బీమా పథకము మఱికొన్ని పట్టణములకు విస్తరించెను. ఈ పథకమున ప్రమాదముల పుస్తకము నుంచుట యజమాని విధి. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినదని 1954లో మంత్రిపదవిని వదలుకొనిరి. అంతటి పట్టుదల గల మనిషి రాష్ట్రపతిగా నుండగనే, 1974 మే నెలలో దేశవ్యాప్తముగా జరిగిన రైల్వే సమ్మె అణచివేయబడెను. ఖరగపూరు నెఱిగినవారికి ఇది మింగుడుపడని విషయము.

గిరిగారు 1980 జూన్ 24న మదరాసులో పరమపదించిరి. 1974లో స్థాపితమై, కార్మికుల స్థితిగతులపై పరిశోధన సాగించుచున్న జాతీయ కార్మిక సంస్థకు తరువాత ఆయన పేరు పెట్టిరి. అది ఢిల్లీచెంత నోయిడాలో నున్నది.