ఇల్లే రామసన్నిధి

త్యాగరాజస్వామి గృహస్థ జీవితం

మోక్షానికి మార్గం అడవిలో ఉందో, ఆశ్రమంలో ఉందో అని వెతికేవారు ఎందరో. ఇంటి గడప దాటకుండానే ఆ మార్గాన్ని కనుగొన్నవారు కొందరే. ఆ కొందరిలో అగ్రగణ్యులు సద్గురు త్యాగరాజస్వామి. ఆయనను మనం నాదబ్రహ్మగా, వాగ్గేయకారునిగా ఆరాధిస్తాం. అయితే ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది సభల్లో కాదు, ఆస్థానాల్లో అంతకంటే కాదు. కావేరి తీరాన తిరువయ్యారులోని ఒక సామాన్యమైన ఇంట్లో, దేవతార్చన ముందు, వచ్చిపోయే అతిథుల మధ్య, శిష్యుల పాటల మధ్య గడిచింది. భార్యాబిడ్డలున్న గృహస్థు అతి తక్కువ వస్తువులతో ఎంత నిండుగా జీవించవచ్చో ఆయన చరిత్ర చెబుతుంది.

తల్లి పాట, తండ్రి పురాణం

త్యాగరాజస్వామి 1767 మే 4న తిరువారూరులో జన్మించారు. ఆ క్షేత్రస్వామి పేరే ఆయనకు పెట్టారు. ఇంటిపేరు కాకర్ల. పూర్వీకులు తెలుగునాటి నుండి తమిళదేశానికి తరలివెళ్లిన ములకనాటి బ్రాహ్మణులు. ఎన్ని తరాలు గడిచినా ఆ ఇంట తెలుగు మాట చెక్కుచెదరలేదు. తండ్రి రామబ్రహ్మం రామాయణ ప్రవచనంలో పేరుగాంచిన పండితులు. తల్లి సీతమ్మ పురందరదాసు కీర్తనలు పాడుతూ ఇంటిపనులు చేసుకునే ఇల్లాలు. బాలుని మొదటి గురువు ఆ తల్లేనని సంప్రదాయం చెబుతుంది. కుటుంబం తిరువయ్యారుకు తరలిన తరువాత శొంఠి వెంకటరమణయ్య వద్ద శాస్త్రీయ సంగీతం అభ్యసించారు.

పసితనంలో పాట మనసులో మెదిలినప్పుడు దానిని ఇంటి గోడ మీదనే రాసుకునేవారని, తండ్రి వద్దకు వచ్చే పెద్దలు అది చూసి ఆశ్చర్యపడ్డారని ఒక గాథ ఉంది. పోతన భాగవతం ఆయనకు ప్రాణసమానం. ఓరుగల్లు సీమలో పుట్టిన ఆ మహాకావ్యం కావేరి తీరాన ఆ ఇంట ఎంతగా నాటుకుందో ఆయన రచించిన ప్రహ్లాద భక్తి విజయం చూస్తే తెలుస్తుంది. తల్లి పాట, తండ్రి పురాణం, పోతన భాగవతం, ఈ మూడే ఆయనకు పిత్రార్జితం.

పిడికెడు బియ్యం

త్యాగరాజస్వామి ఉంఛవృత్తిని జీవనాధారంగా స్వీకరించారు. కోతలైన తరువాత పొలంలో రాలిన గింజలు ఏరుకుని బతకడం ఆ మాటకు మూలార్థం. కాలక్రమంలో అది హరినామం పాడుతూ వీధుల్లో నడచి, గృహస్థులు భక్తితో సమర్పించిన బియ్యాన్ని స్వీకరించే ఆచారమైంది. ఇది యాచన కాదు. ఎవరి గుమ్మం ముందూ చేయిచాచి నిలబడటం ఇందులో లేదు. పాట సాగిపోతూ ఉంటుంది, ఇవ్వదలచినవారు వచ్చి పాత్రలో పోస్తారు. ఆ పూటకు చాలినంత చేరితే ఇంటికి మరలడమే. రేపటికోసం కూడబెట్టడం ఈ వ్రతానికి విరుద్ధం.

ఆ బియ్యమే ఇంటిల్లిపాదికీ, గురుకులవాసం చేసే శిష్యులకూ, వేళకు వచ్చిన అతిథికీ అన్నమయ్యేది. ముందు రామునికి నివేదన, తరువాతే పంక్తి. లభించింది ఎంతైనా సరే, ఒంటరిగా తినకూడదన్నది ఆ ఇంటి నియమం. ఈ ఏర్పాటు వెనుక కనబడకుండా శ్రమించినవారు ఆ ఇంటి ఇల్లాళ్లు. మొదటి భార్య పార్వతమ్మ చిన్నవయసులోనే కన్నుమూయగా, ఆమె సోదరి కమలాంబను స్వామి వివాహమాడారు. తెచ్చిన పిడికెడు బియ్యాన్ని పదిమందికి సరిపెట్టిన ఆ తల్లుల నేర్పును కూడా మనం స్మరించుకోవాలి.

నిరాకరించిన కానుకలు

అప్పుడు తంజావూరును పాలిస్తున్నవాడు రెండవ శరభోజి. విద్యలను, కళలను పోషించిన ప్రభువు. ఆయన త్యాగరాజస్వామి కీర్తిని విని, కానుకలు పంపి ఆస్థానానికి ఆహ్వానించాడని, స్వామి వాటిని మర్యాదగా తిప్పిపంపారని శిష్యపరంపర చెబుతుంది. ధనం సుఖమా, రాముని సన్నిధి సుఖమా అని తన మనసునే నిలదీసుకున్న కల్యాణి రాగ కీర్తన ఆ సందర్భంలోనే వెలువడిందని పెద్దల మాట. తిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ పక్షాన వడివేలు వచ్చి ఆహ్వానించినప్పుడు కూడా సమాధానం మారలేదని చెబుతారు.

అయితే ఈ నిర్ణయం ఇంట్లో అందరికీ రుచించలేదు. అన్న జపేశునికి ఇది తీరని బాధ కలిగించింది. చేతికందిన ఐశ్వర్యాన్ని కాలదన్నుకున్నాడన్న కోపంతో ఆయన తమ్ముని పూజావిగ్రహాలను కావేరిలో పారవేశాడని, వాటికోసం స్వామి విలపిస్తూ వెతికి చివరకు తిరిగి పొందారని ప్రసిద్ధమైన కథ. అన్నను దుష్టునిగా చిత్రించడం సులభం. కానీ ఆయన మాటలోనూ ఒక గృహస్థు ఆందోళన ఉంది. సంసారం గడవాలి కదా, రాజు ఇస్తానంటే కాదనడం ఏమిటి అన్న ప్రశ్న ఏ ఇంట్లోనైనా పుట్టేదే. త్యాగరాజస్వామి దానికి వాదంతో సమాధానం చెప్పలేదు. రోజూ పాత్ర చేతబట్టి వీధిలోకి వెళ్లడమే ఆయన సమాధానం. కానుకను కాదన్నవాడు తన కుటుంబ భారాన్ని మాత్రం కాదనలేదు.

రాముడు ఇంట్లో మనిషి

ఆయన సంతోషానికి కేంద్రం దేవుని గది. అక్కడ రాముడు సింహాసనం మీద దూరంగా కూర్చున్న చక్రవర్తి కాడు, ఇంట్లోని ఒక మనిషి. ఉదయం లేపాలి, పిలిచి పీట వేయాలి, పాలు తాగించాలి, తాంబూలం అందించాలి, ఉయ్యాల ఊపాలి, రాత్రి జోలపాడి నిదురపుచ్చాలి. ఈ ఉపచారాలకే ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలు రచించారు. మేలుకొలుపుకు బౌళి, పాల ఆరగింపుకు తోడి, తాంబూలానికి ఖరహరప్రియ, ఉయ్యాలకు నీలాంబరి. మన ఇళ్లలో తల్లి బిడ్డకు చేసే సేవలే ఇవన్నీ. ఆ మామూలు పనులకు రాగం తొడిగి పూజగా మలచిన మహనీయుడాయన. ఈ కీర్తనలు విద్వాంసులకు మాత్రమే పరిమితమైనవి కావు. పదిమంది కూడి పాడుకోవడానికి వీలైన సరళమైన నడక వీటిది. దివ్యనామ కీర్తనలూ అటువంటివే.

96 కోట్ల రామనామ జపం ఆయన పూర్తిచేశారని సంప్రదాయం. రోజుకు లక్షా పాతికవేల చొప్పున లెక్కించినా అది 21 సంవత్సరాల సాధన. ఇదంతా సంసారంలో ఉంటూ, శిష్యులకు పాఠం చెబుతూ సాగించినది. తృప్తి అంటే సోమరితనం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఆయన ఎల్లప్పుడూ చిరునవ్వుతో ఉన్నారని కూడా అనుకోరాదు. లభించిన సుమారు 700 కృతులలో ఎన్నో రామునితో మొరపెట్టుకున్నవి, అలిగినవి, నిష్ఠూరమాడినవి. కరుణ ఇంకా కలుగలేదేమని అడిగినవి. లోటు తెలియనివానికి తృప్తి గొప్ప కాదు. లోటు తెలిసి, దాన్ని రాజు ముందు కాక రాముని ముందు చెప్పుకోవడంలోనే ఆయన ఘనత ఉంది.

వచ్చినవారికి మర్యాద

ఆ చిన్న ఇంటికి వచ్చిన పెద్దలు తక్కువవారు కారు. భద్రాచల రామునికి సేవ చేసిన గుంటూరు తూము నరసింహదాసు తిరువయ్యారుకు వెళ్లి స్వామిని దర్శించారు. కేరళ విద్వాంసుడు షట్కాల గోవింద మారార్ పాట విని పరవశించి, లోకంలోని మహానుభావులందరికీ వందనం చేసే శ్రీరాగ పంచరత్నాన్ని స్వామి శిష్యులచే పాడించారని ఒక కథ. అది నిజంగా ఆ సందర్భంలోనే పుట్టిందా అన్న చర్చ పండితులది. తనకన్నా గొప్పవారున్నారని ఒప్పుకునే వినయం మాత్రం ఆ కృతి నిండా ఉంది.

కుమార్తె సీతాలక్ష్మి పెళ్లినాటి సంగతి మరీ హృద్యమైనది. శిష్యుడు వాలాజపేట వేంకటరమణ భాగవతులు కోదండరాముని చిత్రపటాన్ని కానుకగా తీసుకుని కాలినడకన ఎంతో దూరం నుంచి వచ్చారు. ఆ పటాన్ని చూసిన త్యాగరాజస్వామికి శిష్యుడు కాదు, సాక్షాత్తూ రాముడే తనను పాలించడానికి నడిచి వచ్చాడనిపించింది. మోహన రాగ కృతి ఒకటి ఆ ఆనందంలోనే జాలువారింది. పెళ్లింట పట్టుబట్టలు, నగలు ఎన్నున్నాయో ఎవరూ చెప్పలేదు. ఆ పటం సంగతి మాత్రం తరాలు దాటి నిలిచింది.

తిరుపతి, కాంచీపురం యాత్రకు వెళ్లినప్పుడు కోవూరు సుందరేశ మొదలియారు వెయ్యి బంగారు నాణేలను స్వామికి తెలియకుండా పల్లకిలో ఉంచారని, దారిలో దొంగలు వెంబడించినప్పుడు ఆ విషయం బయటపడిందని మరొక గాథ. అది శ్రీరామనవమి ఆరాధనకు ఉద్దేశించిన ధనమని తెలిసి, దాని రక్షణ భారం రామునిదేనని స్వామి నిశ్చింతగా ఉన్నారట.

మిగిలిన ఆస్తి

కమలాంబ కన్నుమూసిన తరువాత, అంత్యకాలంలో స్వామి సన్న్యాసం స్వీకరించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందారు. కుమార్తె వంశం మనుమనితో ఆగిపోయింది. పంచుకోవడానికి ఆస్తి లేదు. కానీ వాలాజపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం శిష్యులు కీర్తనలను పదిలపరచి లోకానికి అందించారు. కావేరి ఒడ్డున శిథిలావస్థలో ఉన్న సమాధికి బెంగళూరు నాగరత్నమ్మ తన సంపాదన ధారపోసి ఆలయం కట్టించగా, కుంభాభిషేకం జరిగింది. నేటికీ ఏటా పుష్య బహుళ పంచమికి అక్కడ ఆరాధన జరుగుతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల ప్రాంతంలో చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలోని సలేశ్వరం లింగమయ్యను దర్శించుకునే యాత్రికులకు ఒక సత్యం అనుభవంలో తెలుసు. రాళ్ల దారిలో దిగేటప్పుడు మూట ఎంత తేలికగా ఉంటే నడక అంత హాయిగా సాగుతుంది. త్యాగరాజస్వామి సంసారయాత్ర కూడా అటువంటిదే.

మనమందరం ఉంఛవృత్తి చేయలేం, చేయనవసరం లేదు. కానీ సంధ్యవేళ దీపం పెట్టి ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క కీర్తన పాడుకోవచ్చు. వండింది నివేదించి, కలిసి భుజించవచ్చు. గుమ్మంలోకి వచ్చినవారికి ముందుగా మంచినీళ్లిచ్చి, ఆ తరువాతే వచ్చిన పని అడగవచ్చు. ఉన్నదానిలో కొంత లేనివారికి తీసి ఉంచవచ్చు. వీటికి ధనం అక్కర్లేదు, మనసు చాలు. ఆ మనసున్న ఇంటికి రాముడు నేటికీ నడిచే వస్తాడు.