మాల్పీజీ చూసిన తెల్ల గింజలు

బొద్దింకలో మాల్పీజియన్ నాళికలు, మూత్రపిండంలో మాల్పీజియన్ దేహాలు, ప్లీహంలో మాల్పీజియన్ కణికలు... పరీక్షల ముందు ఈ పేరు వల్లెవేయని జంతుశాస్త్ర విద్యార్థి ఉండడు. ఆ పేరు గల మనిషి మనలో చాలామందిలాగే సేద్యం చేసుకునే ఇంట పుట్టాడని మాత్రం ఎక్కువమందికి తెలియదు.

మార్సెల్లో మాల్పీజీ 1628 మార్చి 10న ఇటలీలోని బొలోన్యా నగరం దగ్గర క్రెవల్కోరె అనే ఊళ్లో జన్మించాడు. బొలోన్యా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1649లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఇంటికి పెద్దకొడుకు కావడంతో తోబుట్టువుల భారం నెత్తిన పడింది. ఇల్లు చక్కబెట్టుకుని మళ్లీ పుస్తకం పట్టి, 1653లో వైద్యంలో పట్టా పుచ్చుకున్నాడు.

ఆయన పుట్టిన ఏడే హార్వే రక్తప్రసరణ గ్రంథం వెలువడింది. ధమనుల్లో వెళ్లిన రక్తం సిరల్లోకి ఎలా చేరుతుందో హార్వే చూడలేకపోయాడు. 1661లో మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, రెంటినీ కలిపే సన్నని రక్తకేశనాళికలను చూపించాడు.

తర్వాత ఆయన దృష్టి ప్లీహం మీద పడింది. మలేరియా వస్తే కడుపులో బల్ల పెరిగిందని మన పెద్దలు అనేది దీన్ని గురించే. ఆ ఎర్రటి కండలో ఆవగింజంత కూడా లేని తెల్లని గింజలు ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయని 1666లో అచ్చయిన గ్రంథంలో రాశాడు. అవి ఒక రకం గ్రంథులనుకున్నాడు. వాటి అసలు పని తేలడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది.

ఆ గింజలు లింఫోసైట్ల గుంపులు. చిన్న ధమని చుట్టూ తొడుగులా టి కణాలు, పక్కన ఉండల్లా బి కణాలు చేరి ఉంటాయి. రక్తంలో సూక్ష్మజీవి వస్తే ఇక్కడ పట్టుబడుతుంది, బి కణాలు పెరిగి ప్రతిదేహాలను తయారుచేసే కణాలవుతాయి. చుట్టూ ఉన్న ఎర్ర గుజ్జు ముసలి ఎర్రరక్తకణాలను ఏరిపారేస్తుంది. అందుకే ప్లీహం తీసేసినవాళ్లకు న్యుమోకాకస్ వంటి క్రిములకు టీకాలు తప్పనిసరిగా వేయిస్తారు.

ఇంత చేసినవాడికి సొంత ఊళ్లో సుఖం లేదు. పక్క పొలంవాళ్లయిన స్బరాలియాలతో గట్టు తగాదా ఉండేది. అది ముదిరి 1659లో మాల్పీజీ తమ్ముడి చేతిలో ఆ ఇంటివాడొకడు హతమయ్యాడు. పగ విశ్వవిద్యాలయం దాకా పాకింది. ఆ కుటుంబంవాడే అయిన ఓ ఆచార్యుడు, సూక్ష్మదర్శినితో చూసేదంతా రోగికి పనికిరాని చదువని వాదించాడు. 1684లో ఇల్లు కాలి పరికరాలు, కాగితాలు బూడిదయ్యాయి. 1689లో ముసుగు మనుషులు ఆయన పల్లె ఇంటిపై పడ్డారు. అయినా ఆయన పని మానలేదు. 1669లోనే లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యుణ్ణి చేసుకుంది. 1691లో పోపు తన వైద్యుడిగా రోముకు పిలిపించుకున్నాడు. అక్కడే 1694 నవంబరులో కన్నుమూశాడు.

బి.యస్సీ. చదివితే ఏమొస్తుందిరా అని మన ఊళ్లలో ఇప్పటికీ అడుగుతారు. మాల్పీజీనీ అలాగే అడిగారు. ఆ తెల్ల గింజల ప్రయోజనం ఆయనా చెప్పలేకపోయాడు. కాని కంటికి కనపడింది కనపడినట్టు రాసిపెట్టాడు. విత్తినవాడు కోతదాకా లేకపోయినా పంట పండింది. ఆ పంటను ఈనాడు మనం తింటున్నాం.