స్ఫటికశాస్త్రవేత్త డాక్టరు సూరి భగవంతము గారు

మన బుద్వేలు పరిసరములలో ఎటు చూచినను రాతిగుండ్లే కానవచ్చును. బడికి వచ్చుచు పోవుచు వానిని చూడని బాలుడు గాని బాలిక గాని లేదు. ఈ గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రాళ్లు కొట్టువారి సుత్తిదెబ్బకు విరిగిన క్రొత్తముక్క నొకదానిని చేతబట్టి యెండలో త్రిప్పి చూచినచో, అందు చిన్న చిన్న తళుకులు పుట్టి మాయమగుచుండును. ఆ తళుకు స్ఫటికము యొక్క నున్నని ముఖము. సృష్టికర్త కఠినశిలలో సైతము ఎంతటి క్రమము నుంచెనో అది మనకు తెలుపుచున్నది. ఆ క్రమమును లెక్కించుటకును, పూర్వుల లెక్క తప్పినచోట దానిని దిద్దుటకును తమ జీవితములో ఉత్తమభాగమును వెచ్చించిన తెలుగువారొకరు కలరు. వారే డాక్టరు సూరి భగవంతము గారు. వారి చరిత్రమును మా పాఠశాల విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయ బూనితిమి.

భగవంతము గారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కృష్ణా మండలములోని ఆగిరిపల్లి గ్రామమున జన్మించిరి. గుడివాడలో చదువుకొని, పిమ్మట హైదరాబాదు నిజాము కళాశాలలో చేరిరి. ఆ కాలమున ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండెను. అచ్చట పట్టము పొందిన పిదప వారు 1928లో కలకత్తాకు పోయి చంద్రశేఖర వేంకట రామను గారి శిష్యులైరి. అప్పటికి వారి వయస్సు సుమారు 19 ఏండ్లు మాత్రమే.

ఆ సంవత్సరము మన దేశ విజ్ఞానచరిత్రలో చిరస్మరణీయమైనది. ఒకే రంగు గల కాంతి ఒక పదార్థముపై బడి చెదరునపుడు, అందు మిక్కిలి స్వల్పమైన భాగము రంగు మారి వచ్చునని రామను గారు 1928 ఫిబ్రవరి 28వ తేదీన కనుగొనిరి. ఆ రంగు మార్పును కొలిచినచో పదార్థములోని అణువులు ఏ విధముగా కంపించుచున్నవో తెలియును. ఆ పరిశోధనకే 1930లో వారికి నోబెలు బహుమానము లభించెను. గురువు గారి కీర్తి లోకమంతట వ్యాపించుచున్న ఆ దినములలో శిష్యులు ఊరక కూర్చుండలేదు. 1930లో వజ్రముపై ఈ క్రొత్త పరీక్షను జరిపిన తొలివారిలో భగవంతము గారొకరు. 1931లో గురుశిష్యులిరువురును కలిసి, కాంతికణమునకు స్వకీయమైన భ్రమణ గుణము కలదని చూపు ప్రయోగ సాక్ష్యమును ప్రకటించిరి.

ఇచ్చట మేము కథను కొంచెము ఆపి, స్ఫటికముల లోపలి నిర్మాణము లోకమునకు ఎట్లు తెలిసినదో చెప్పవలసియున్నది. 1895లో జర్మనీ దేశమున రంట్జెను పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. 1912లో లౌవే అను పండితుని సూచనపై, వాటిని ఒక స్ఫటికము గుండ పోనిచ్చి చూడగా, ఛాయాఫలకముపై చుక్కలు చుక్కలుగా నొక చక్కని అమరిక కనబడెను. స్ఫటికములో పరమాణువులు వరుసలు దీరియుండుటచే, ఒక్కొక్క వరుస నుండి చెదరిన తరంగములు కొన్ని దిక్కులలో ఒకదానికొకటి బలము నిచ్చుకొని, తక్కిన దిక్కులలో ఒకదానినొకటి అణచుకొనును. దీనినే వివర్తనము అందురు. ఇంగ్లండులో బ్రాగ్ పండితులు, తండ్రియు కుమారుడును, 1913లో ఈ మార్గముననే వజ్రపు నిర్మాణమును తేల్చిరి. వజ్రములో ప్రతి కర్బన పరమాణువును నాలుగు పరమాణువులతో సమదూరమున బంధింపబడి యున్నదని వారు చూపిరి. గోలకొండ వజ్రములని లోకము పొగడు రత్నములు కృష్ణాతీరపు కొల్లూరు మొదలగు గనులలో దొరకినవి. ఆ కృష్ణా ప్రాంతమున బుట్టిన భగవంతము గారు వజ్రమును తమ పరిశోధనకు ముఖ్యవస్తువుగా చేసికొనుట సంతోషింపదగిన విషయము.

1932లో వారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఉపన్యాసకులుగా చేరి, క్రమముగా ఆచార్యులును, కళాశాలల ప్రధానాధ్యక్షులును అయిరి. వారి చిత్తము నాకర్షించిన ప్రశ్న వినుటకు సులభమైనది. ఒక స్ఫటికమును పూర్తిగా ఎఱుగుటకు మనము ఎన్ని సంఖ్యలను కొలువవలయును? స్ఫటికమును ఒత్తినపుడు అది ఎంత లొంగునో తెలియుటకు, ఏ సౌష్ఠవమును లేని స్ఫటికమున కైనచో 21 సంఖ్యలు కావలయును. ఉప్పు, వజ్రము మొదలగు ఘనాకార వ్యవస్థకు జెందిన స్ఫటికములకు 3 సంఖ్యలు చాలును. ఏలయన, సౌష్ఠవము గల వస్తువును కొన్ని విధములుగా త్రిప్పినను అది మునుపటివలెనే యుండును గావున, ఒక దిక్కున కొలిచినది మఱియొక దిక్కునకును చెల్లును. ఈ లెక్కను తప్పక చేయుటకు సమూహ సిద్ధాంతమను గణితము సాధనము. భగవంతము గారు దానిని చక్కగా అభ్యసించి, భౌతికశాస్త్రపు ప్రశ్నలకు ప్రయోగించిరి.

అట్లు లెక్కించుచుండగా వారికొక వింత తోచెను. గాజు వంటి పారదర్శకమైన వస్తువును ఒత్తినచో దానిలో కాంతి నడక మారును. స్ఫటికములలో ఈ మార్పును తెలుపుటకు ఎన్నెన్ని సంఖ్యలు కావలెనో జర్మనీ పండితుడైన పోకెల్సు 19వ శతాబ్దాంతముననే పట్టికగా వ్రాసి పెట్టెను. ఘనాకార వ్యవస్థలో 5 తరగతులు కలవు. ఆ అయిదింటికిని 3 సంఖ్యలు చాలునని ఆ పట్టిక చెప్పుచుండెను. సుమారు అర్ధశతాబ్దము దానిని సందేహించినవారు లేరు. భగవంతము గారి లెక్కలో మాత్రము రెండు తరగతులకు 3 గాక 4 వచ్చెను.

పెద్దల పట్టికయా? తమ లెక్కయా? అది 1942వ సంవత్సరము. ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. యుద్ధభయముచే విశ్వవిద్యాలయపు తరగతులు కొంతకాలము గుంటూరునకు తరలింపబడెను. అట్టి కల్లోలములో సైతము భగవంతము గారు తమ లెక్కను నిర్భయముగా ప్రకటించిరి. అయినను లెక్క యొక్కటియే చాలదు. ప్రకృతి సాక్ష్యము పలుకవలయును. అందులకు వారికి మన యిండ్లలో దొరకు పటికయు, బేరియము నైట్రేటును అక్కఱకు వచ్చెను. ఇవి రెండును ఆ వివాదపు తరగతికి చెందినవే. పటిక స్ఫటికమును ఘనముగా కోసి, ఒక దిక్కున ఒత్తి, దానికి లంబముగా నుండు రెండు దిక్కులనుండియు కాంతిని పంపి చూడవలయును. పోకెల్సు చెప్పినది నిజమైనచో ఆ రెండు దిక్కులలోను ఫలము సమానముగా నుండవలెను. భగవంతము గారి లెక్క నిజమైనచో భేదము కనబడవలెను. 1949 నాటికి వారును సూర్యనారాయణ గారును ఆ భేదమును కొలిచి చూపిరి. నాలుగవ సంఖ్య కలదని తేలెను. నేటి గ్రంథములలో ఆ పట్టిక దిద్దబడియే యున్నది.

ఆ కాలముననే వజ్రము మఱల వారి చేతికి వచ్చెను. 1940 ప్రాంతమున వజ్రపు ఎక్సు కిరణ చిత్రములలో, లెక్కప్రకారము ఉండవలసిన చుక్కలే గాక, అదనముగా కొన్ని మసక మచ్చలును గీతలును కనబడుటచే పండితులలో గొప్ప వివాదము చెలరేగెను. బెంగుళూరులో రామను గారును నీలకంఠను గారును ఒక విధముగా, లండనులో కాథ్లీన్ లాన్స్‌డేల్ మొదలగువారు మఱియొక విధముగా దానిని వ్యాఖ్యానించుచుండిరి. వేడిమిచే స్ఫటికములో నిరంతరము పాఱు తరంగములు ఎక్సు కిరణములను ఎంతగా చెదరగొట్టునో తెలియవలెనన్నచో, ఆ స్ఫటికము ఎంత గట్టిదో తెలిపెడి 3 సంఖ్యలు ముందుగా కావలయును. వజ్రమునకు ఆ సంఖ్యలు అప్పటికి కొలువబడలేదు. పెద్ద వజ్రమును తెచ్చి ఇనుప కడ్డీవలె వంచి చూచుట సాధ్యము కాదు గదా! భగవంతము గారును భీమసేనాచారి గారును చిన్న వజ్రపు పలకలను తీసికొని, చెవికి వినరాని శబ్దతరంగములను వాని గుండ పంపిరి. ఏ తరంగము పలకను సులభముగా దాటునో దానిని గుర్తించుటకు ఆవలి ద్రవములో కాంతి వివర్తనమును ఉపయోగించిరి. ఈ విధముగా కనుగొన్న సంఖ్యలను 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి.

వారి గ్రంథములును ప్రసిద్ధములు. కాంతి చెదరుటను గూర్చియు, రామను ఫలమును గూర్చియు వ్రాసినది 1940లోను, వేంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతమును గూర్చి వ్రాసినది 1948లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము ద్వారా వెలువడెను. రెండవది రష్యను భాషలోనికి సైతము పరివర్తింపబడెను. స్ఫటిక సౌష్ఠవమును గూర్చిన గ్రంథము 1966లో వెలువడెను.

అనంతరము వారిని అధికార పదవులు వరించెను. 1948–49లో లండనులో భారత ప్రభుత్వపు వైజ్ఞానిక సంబంధాధికారిగా నుండి, తిరిగివచ్చి, తాము బాల్యమున చదివిన హైదరాబాదు నగరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులైరి. 1952 మొదలు 1957 వరకు దానికి ఉపాధ్యక్షులుగా నుండిరి. 1957 మొదలు 1962 వరకు బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు సంచాలకులుగాను, 1961 మొదలు 1969 వరకు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారులుగాను పనిచేసిరి. 1962, 1965 సంవత్సరముల యుద్ధములు వారి పదవీకాలముననే సంభవించెను. ఇంతటి భారములో సైతము వారు స్ఫటికములను మఱువలేదు. 1964లో అయస్కాంత గుణము గల స్ఫటికముల సౌష్ఠవమును గూర్చి పంతులు గారితో కలిసి వ్యాసము ప్రకటించిరి. 1989 ఫిబ్రవరి 6వ తేదీన వారు పరమపదించిరి.

వారి శ్రమ నేడు ఎందులకు ఉపయోగించుచున్నదో విద్యార్థులు అడుగవచ్చును. పూర్వము ఎక్సు కిరణ వివర్తనమునకు కంటికి కనబడు స్ఫటికము కావలసియుండెను. నేడు మీటరులో నూఱుకోట్ల వంతులను కొన్ని వందలు మాత్రమే చేర్చినంత పరిమాణము గల రేణువునైనను పరీక్షింపగలుగుచున్నారు. దానికి సంబద్ధ కిరణములు కావలయును. మా పాఠశాల మైదానములో గంట కొట్టగనే బాలురు గుంపుగా పరుగెత్తుట యొక తీరు; కవాతులో అడుగులన్నియు ఒక్కమాఱు పడుట మఱియొక తీరు. సాధారణ కిరణములు మొదటి తీరువి. సంబద్ధ కిరణములు రెండవ తీరువి. ఇవి సింక్రోట్రాను అను మహాయంత్రముల నుండి లభించును. అట్టి కిరణములు చిన్న స్ఫటికముపై బడినపుడు, ఒక్కొక్క చుక్క చుట్టును సన్నని చారలును పొడలును ఏర్పడును. ఫలకముపై తరంగముల బలమే గాని వాని దశ కనబడదు. ఆ లోపమును కంప్యూటరు గణనచే పూరించి, స్ఫటికపు రూపమును, అందలి వంకరలను గీయుదురు. 2001లో ఇయాన్ రాబిన్సన్ మొదలగువారు సూక్ష్మమైన బంగారు స్ఫటికములను ఇట్లు చూచిరి. 2006లో సీసపు స్ఫటికము యొక్క లోపలి వంకరలు మూడు దిక్కులలోను చిత్రింపబడెను. అయితే చిత్రము చూపునది వంకర మాత్రమే. ఆ వంకరను కలిగించిన బలమెంతయో తెలియుటకు, ఆ స్ఫటికపు గట్టిదనపు సంఖ్యలు కావలయును. అవి ఎన్ని యుండునో సౌష్ఠవము నిర్ణయింపవలయును. భగవంతము గారు వాల్తేరులో వేసిన ప్రశ్నయే అది.

ఇంకొక్క సంగతి చెప్పక మానరాదు. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండు అను వారు మేలైన సాధనములతో వజ్రమును మఱల కొలిచిరి. భగవంతము గారి మూడు సంఖ్యలలో ఒకటి ఉండవలసిన దానికి మూడురెట్లున్నదని తేలెను. పోకెల్సు పట్టికను దిద్దిన చేతి కొలత మఱియొకరిచే దిద్దబడెను. ఇందు వారికి అవమానమేమియు లేదని మా యభిప్రాయము. కొలువని వజ్రమును మొదట కొలిచి, దిద్దుటకు వీలగునట్లు సంఖ్యను లోకము ముందుంచిన ఘనత వారిదే. దాచుకొన్న లెక్కను ఎవరును దిద్దజాలరు.

బాలబాలికలారా! పాఠ్యగ్రంథములోని పట్టికను గౌరవింపుడు. కాని మీ లెక్కలో వేఱు సంఖ్య వచ్చినపుడు దానిని తుడిచివేయకుడు. మఱల లెక్కించి, పటిక ముక్కనైనను తెచ్చి, ప్రకృతినే అడుగుడు. ఆమె చెప్పిన యుత్తరమునకు, అది మీ పక్షమున నున్నను లేకున్నను, తల వంచుడు. రేపు బడికి వచ్చునపుడు దారిలో నొక రాతిముక్క యెండలో తళుక్కుమన్నచో, భగవంతము గారిని ఒక్కమాఱు స్మరింపుడు.