సంగీతాచార్యుడు బీథోవెన్

జర్మనీ దేశమున రైను నదీతీరమునందు బాన్ అను పట్టణము కలదు. 1770వ సంవత్సరము డిసెంబరు మాసమున అచ్చట లుడ్విగ్ వాన్ బీథోవెన్ జన్మించెను. ఆయన తాతయు తండ్రియు ఆస్థాన గాయకులు. తండ్రి పానాసక్తుడు, కుమారుని విద్యతో ధనము గడింపవచ్చునని తలచి, పసితనముననే వానిని పియానో ముందు కూర్చుండబెట్టి కఠినముగా సాధన చేయించెను. 1787లో తల్లి మరణించెను. ఇద్దరు తమ్ముల పోషణభారము క్రమముగా ఆ బాలునిపైననే పడెను.

1792లో బీథోవెన్ వియన్నా నగరము చేరి, హేడన్ అను మహావిద్వాంసునికి శిష్యుడయ్యెను. అప్పటికప్పుడు స్వరకల్పన చేసి పియానో వాయించుటలో ఆయనకు సాటి లేదని కొలది కాలములోనే పేరు వచ్చెను. ప్రభువుల మందిరములలో ఆయన వాయించుచుండగా శ్రోతలు కంటతడి పెట్టుకొనెడివారు.

ఇట్టి దశలో, ఇంచుమించు 1798వ సంవత్సరమున, ఆయన చెవులలో ఒక వింత రొద మొదలయ్యెను. రాత్రియనక పగలనక అది మ్రోగుచునే యుండెను. మన పూర్వ వైద్యులు దీనిని కర్ణనాదమనిరి. చెవి లోపల నత్తగుల్లవలె చుట్టుకొనిన భాగమునందు సూక్ష్మమైన రోమకణములు కలవు. శబ్దమును గ్రహించి మెదడునకు అందించునవి అవియే. వ్యాధివలనగాని, పెద్ద శబ్దములు ఎడతెగక సోకుటవలనగాని అవి నశించినచో మరల మొలవవు. అట్టి చెవిలో వెలుపల ధ్వని లేకున్నను లోపల మ్రోత వినవచ్చును. వాద్యముల హోరు నడుమ బ్రతుకు సంగీతజ్ఞులకు ఈ బాధ నేటికిని తప్పలేదు. బీథోవెన్ విషయమున కారణమేమో వైద్యులింకను తేల్చలేదు.

ఆయన ఈ సంగతి దాచెను. సంగీత విద్వాంసునకు చెవి పోయినదని తెలిసినచో ప్రత్యర్థులేమందురో యను భయము ఆయనను పీడించెను. సభలకు పోవుట మానెను. మెల్లగా మాటాడినచో మాట తెలియదు. బిగ్గరగా అరచినచో భరింపరాదు. 1801లో వైద్యుడగు ఒక బాల్యమిత్రునకు ఉత్తరము వ్రాసి గోడు వెళ్లబోసికొనెను. వైద్యులు చెవులలో బాదమునూనె పోయించిరి, డాన్యూబు నదీజలముతో స్నానములు చేయించిరి, చేతులకు చెట్టుపట్ట కట్టించిరి. రొద తగ్గలేదు.

1802లో విశ్రాంతికై హైలిగెన్‌స్టాట్ అను పల్లెలో నివసించెను. ఒకనాడు వెంట నడచుచున్న శిష్యుడు దూరమున గొల్లవాని పిల్లనగ్రోవి విని ఆనందించెను. బీథోవెన్ ఎంత చెవియొగ్గినను ఏమియు వినరాలేదు. ఆ అక్టోబరు మాసమున తమ్ములకొక లేఖ వ్రాసెను. ప్రాణములు విడువవలెనను తలంపు తనకు కలిగినదనియు, తనలోని సంగీతము వెలికి రాకముందు లోకమును వీడజాలక నిలిచిపోతిననియు అందు తెలిపెను. ఆ లేఖను ఆయన పంపలేదు. మరణానంతరము ఆయన కాగితములలో దొరకెను.

1809 మే మాసమున నెపోలియను సేనలు వియన్నాపై ఫిరంగులు ప్రేల్చినపుడు, బీథోవెన్ తమ్ముని ఇంటి నేలమాళిగలో దాగి చెవులపై దిండ్లు అదుముకొని రాత్రి గడపెను. మిగిలియున్న కొలది వినికిడిని కాపాడుకొన జూచుట ఎంత జాలిగొలుపు విషయము! నాలుగేండ్ల తరువాత, 1813 డిసెంబరున, గాయపడిన సైనికుల సహాయార్థము జరిగిన కచేరీలో ఫిరంగి మ్రోతలను అనుకరించు వెల్లింగ్టన్ విజయమను తన కృతిని ఆయనయే నడిపించెను. వియన్నాలోని పేరుగల విద్వాంసులు పలువురు ఆ మేళమున పాల్గొనిరి. హాలు దద్దరిల్లెను, ప్రజలు హర్షధ్వానములు చేసిరి. అదే కచేరీలో మరియొక కృతి నడచుచుండగా, మంద్రస్వరములు వినబడక, ఆయన మేళముకంటె ముందుగా పైకెగసెను. ఉధృతమైన స్వరములు చెవికి తగిలిన పిమ్మటనే తాళము సరిపడెను.

1814లో పియానో వాయించుచు, తీవ్రస్వరములయెడ తంత్రులు గడగడలాడునట్లు మోదెను. మృదుస్వరములయెడ ఎంత మెల్లగా మీటెననగా కొన్ని స్వరములు పలుకనే లేదు. మేల్జెల్ అను యంత్రశిల్పి బాకాలవంటి లోహపు గొట్టములు చేసి యిచ్చెను. అవియును కొంతకాలమే అక్కరకు వచ్చెను. అయినను స్వరములన్నియు ఆయన మనస్సున స్పష్టముగా పలుకుచునే యుండెను. కాగితముపై వ్రాయుటకు చెవి అక్కరలేకపోయెను.

1824 మే 7వ తేదీన వియన్నాలో తొమ్మిదవ సింఫనీ మొదటిసారి వినిపింపబడెను. బీథోవెన్ వేదికపై నిలిచి పుటలు త్రిప్పుచు తాళము సూచించుచుండెను. కాని మేళమువారు ఉమ్లౌఫ్ అను మరియొకని సంజ్ఞలనే అనుసరించిరి. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగుచుండగా ఆయన వీపు త్రిప్పి నిలిచియే యుండెను. కరోలిన్ ఉంగర్ అను గాయని ఆయనను పట్టి సభవైపు త్రిప్పెను. అపుడాయన కన్నులకు ఎగురుచున్న చేతులును చేతిరుమాళ్లును గోచరించినవి.

1827 మార్చి 26వ తేదీన, ఏబదియారవ యేట, బీథోవెన్ కాలధర్మము నొందెను. 1818 మొదలు ఆయనతో మాటాడవలసినవారు ఒక పుస్తకమున వ్రాసి చూపుచుండిరి. అట్టి పుస్తకములు నూటికి పైగా నేటికిని కలవు. అందు మిత్రుల ప్రశ్నలున్నవి, సేవకుల జీతముల లెక్కలున్నవి, వంటసరకుల పేర్లున్నవి. ఆయన ప్రత్యుత్తరములు మాత్రము తరచుగా కనబడవు. ఆయన వానిని నోటితోనే చెప్పెడివాడు.